అవ్వ ముఖం

కాగజ్‌నగర్. ఈ ఊరి పేరులోనే కాగితం ఉంది. కాగజ్ అంటే కాగితమే. పూర్వం ఇది కొత్తపేట అనే పల్లె. నిజాం కాలంలో, 1938లో, ఇక్కడ సిర్పూర్ పేపర్ మిల్లు కంపెనీ ఏర్పడింది. 1942లో మిల్లులో కాగితం తీయడం మొదలైంది. అడవి నుంచి వెదురు వచ్చేది. వెదురును ముక్కలు చేసి, ఉడికించి, గుజ్జు చేసి, ఆ గుజ్జును జల్లెడ వంటి తీగల వల మీద పలచగా పరిచి ఆరబెడితే కాగితం తయారవుతుంది. మిల్లుతో పల్లె పట్నమైంది. పేరు కూడా మారింది.

ఈ ఊళ్లో కూరగాయలు అమ్మే ఒక అక్క ఉంది. ఆమె భర్త మిల్లులో కార్మికుడు. ఇంట్లో పొయ్యి వెలిగేది కాగితం వల్లనే. అయినా ఆమెకు కాగితంతో పని పడలేదు. ఎవరైనా కాగితం ముందు పెడితే ఎడమచేతి బొటనవేలు చాపేది. 2014లో మిల్లు మూతపడింది. ఇల్లు గడవక ఆమె తట్ట నెత్తిన పెట్టుకుని కూరగాయలు అమ్మడం మొదలుపెట్టింది. పిల్లలను చూసుకోవడానికి కౌటాల దగ్గరి పల్లె నుంచి ఆమె తల్లి వచ్చి ఉంది. ఇటువైపు తల్లిని అవ్వ అంటారు. పొద్దున వండి పెట్టేది అవ్వ. పిల్లలను బడికి తోలేది అవ్వ. తట్ట నెత్తికి ఎత్తేది కూడా అవ్వే.

2016లో అవ్వ చనిపోయింది. 2018లో జె.కె. పేపర్ కంపెనీ మిల్లును తీసుకుని మళ్లీ నడిపించింది. సైరన్ మోగిన రోజు ఇంటిల్లిపాది సంతోషపడ్డారు. అది వినడానికి అవ్వ లేదు.

తర్వాత ఆ అక్క రాత్రి బడికి వచ్చింది. అప్పు ఖాతా తానే రాసుకోవాలని ఆమె పట్టుదల. ఏడాది తిరిగేసరికి సంతకం వచ్చింది, ధరలు రాయడం వచ్చింది, బస్సు మీద ఊరి పేరు చదవడం వచ్చింది. ఒకరోజు ఆమె సంచిలోంచి ఒక పాత రేషన్ కార్డు తీసింది. కార్డు మీద ఇంటివాళ్లందరి ఫోటో. వెనక వరుసలో అవ్వ. తల చింతగింజంత ఉంది. కార్డు తడిసి ఒక పక్క మరక పడింది.

“అవ్వది ఇదొక్కటే ఫోటో. అప్పుడు మా ఇంట్ల ఉన్నది మీటల ఫోను. దాంట్ల ఫోటోలు రాకపోయేది. స్టూడియోల పెద్దగ చేయిస్తే మొత్తం మసక మసక వచ్చింది. పెన్సిలు పట్టుడు వచ్చింది గదా, అవ్వను నేనే గీస్త. ఎట్ల గీయాలె?” అని అడిగింది.

ఎట్లా గీయాలో చెప్పగల మనిషి ఊళ్లోనే ఉన్నాడు. ఆయన బోర్డులు రాసే పెయింటరు. ముప్పై ఏళ్లు దుకాణాల మీద పేర్లు రాశాడు, గోడల మీద గుర్తులు వేశాడు, సినిమా బొమ్మలు గీశాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆయన పని తగ్గిపోయింది. అందరూ ఆయనను కాక అంటారు. వారానికి ఒక రాత్రి బడికి వచ్చి చేతిరాత దిద్దిస్తాడు. అక్షరం గుండ్రంగా రావాలంటే వేలు కాదు, మణికట్టు తిరగాలని చెప్పింది ఆయనే.

ఎనిమిది మంది, ఒకటే ముఖం

కాక ఏమీ చెప్పలేదు. ముందు అందరినీ ఒక ముఖం గీయమన్నాడు. “ఎవరి ముఖమైనా సరే. మీ అత్తది, మీ బిడ్డది, మీకు నచ్చినోళ్లది.”

ఎనిమిది మంది గీశారు. ఒక సున్న. పైభాగంలో రెండు చేపల్లాంటి కళ్లు. మధ్యలో ముక్కుకు ఒక కొక్కెం. కింద నోటికి ఒక వంపు గీత. కొందరు బొట్టు పెట్టారు, కొందరు ముక్కుపుల్ల పెట్టారు. కాక అన్నీ తీసుకుని గోడకు వరుసగా ఆనించాడు.

“ఇది ఎవరు?”

“మా అత్త.”

“ఇది?”

“మా తమ్ముడు.”

“మరి మీ అత్త, ఆమె తమ్ముడు ఒక్క తీరుగనే ఎందుకున్నరు?”

అందరూ నవ్వారు. నిజమే. ఎనిమిది కాగితాల మీద ఉన్నది ఒకటే ముఖం.

“మీరు ముఖం గీయలేదు బిడ్డా. ముఖం అనే అక్షరం రాసిండ్రు” అన్నాడు కాక.

ఈ మాట కొంచెం ఆగి ఆలోచించాలి. అక్షరం అంటే ఏమిటి? ‘అ’ ఎవరు రాసినా ‘అ’ లాగే ఉండాలి. సిర్పూరులో ఒక తీరు, మంచిర్యాలలో ఒక తీరు ఉంటే ఎవరూ చదవలేరు. అందుకే మొదట చూసి దిద్దుతాం, తర్వాత చూడకుండానే రాస్తాం. ముఖం విషయంలో ఇది పనికిరాదు. ముఖాన్ని చూడకుండా గీస్తే మన మనసులో ఉన్న ‘కన్ను’ అనే గుర్తు కాగితం మీదికి వస్తుంది. ఎదురుగా ఉన్న మనిషి కన్ను రాదు. రాయడానికి చేయి అలవాటు పడాలి. గీయడానికి కన్ను అలవాటు పడాలి.

గుర్తుల ముఖాలు తప్పు అని కాదు. వాటికీ పని ఉంది. చేర్యాల నకాషీ కళాకారుల బొమ్మల పటం చూసినవాళ్లకు ఇది తెలుసు. పొడుగాటి గుడ్డ మీద ఎర్రటి రంగు వేసి దాని మీద కథ అంతా బొమ్మలుగా గీస్తారు. కథ చెప్పేవాళ్లు పటం విప్పుతూ చెబుతారు. అందులో ముఖాలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. ఎవరు ఎవరో రంగును బట్టి, నగలను బట్టి, చేతిలోని వస్తువును బట్టి తెలుస్తుంది. దూరాన కూర్చున్నవాళ్లు కూడా పోల్చుకోవాలి కదా! కానీ అవ్వను పోల్చుకోవాలంటే నగలు చాలవు. పైగా ఈ అవ్వకు నగలే లేవు.

పలకతో కొలత

“కళ్లు తలలో ఎక్కడుంటయి?” కాక రెండో ప్రశ్న ఇది.

“పైన ఉంటయి” అని అందరూ అన్నారు. కుట్టుమిషను కుట్టే ఒక చెల్లె మాత్రం “కొలిస్తే తెలుస్తది” అంది. కొలతల మనిషి ఆమె.

కొలిచారు. ఒకామెను గోడకు ఆనించి నిటారుగా కూర్చోబెట్టారు. కొప్పు విప్పించారు. నడినెత్తి మీద ఒక పలక అడ్డంగా పెట్టారు. గడ్డం కింద ఇంకో పలక పెట్టారు. రెండు పలకలూ ఒరగకుండా ఇద్దరు పట్టుకున్నారు. పై పలక నుంచి కంటి మూల వరకు చీపురుపుల్లతో కొలిచి పుల్లను విరిచారు. అదే పుల్లను కంటి మూల నుంచి కింది పలక వరకు పెట్టారు. సరిపోయింది.

నమ్మబుద్ధి కాలేదు. ఇంకొకరిని కొలిచారు. మళ్లీ అంతే. మూడో ఆమె నవ్వుతూ తల ఊపడం వల్ల ఒక గోరంత తేడా వచ్చింది. ఎవరిని కొలిచినా కళ్లు తలకు సగం దగ్గరే ఉన్నాయి.

మరి అందరూ పైన ఎందుకు గీశారు? మనం ఎదుటి మనిషితో మాట్లాడేటప్పుడు కళ్లు చూస్తాం, నోరు చూస్తాం. కోపం, నవ్వు, అబద్ధం అన్నీ అక్కడే తెలుస్తాయి. నుదురుతో, నడినెత్తితో మనకు పని తక్కువ. అందుకని మనసు వాటిని చిన్నవి చేసేస్తుంది. మనసు కొట్టే ఈ దొంగ తూకాన్ని పట్టుకునేది చీపురుపుల్లే. కూరగాయలు అమ్మే అక్కకు ఈ మాట బాగా నచ్చింది.

ఆ రాత్రి ఇంకా చాలా కొలిచారు. ఒక కన్ను వెడల్పుకు పుల్ల విరిచి ముఖానికి అడ్డంగా పెట్టుకుంటూ పోతే, ఈ చెవి నుంచి ఆ చెవి వరకు దాదాపు అయిదు పుల్లలు పట్టాయి. రెండు కళ్ల మధ్య ఖాళీ ఒక కన్నంత. ముక్కుపుటాల వెడల్పు కూడా సుమారుగా అంతే. వెంట్రుకలు మొదలయ్యే చోటు నుంచి కనుబొమల వరకు ఒక భాగం. కనుబొమల నుంచి ముక్కు కింది వరకు ఒక భాగం. అక్కడి నుంచి గడ్డం కింది వరకు ఒక భాగం. మూడూ ఇంచుమించు సమానం. చెవి కూడా కనుబొమ దగ్గర మొదలై ముక్కు కింది అంచు దగ్గర ముగుస్తుంది. చాలామంది చెవిని ఎంత చిన్నగా గీస్తారో! ముక్కు కింది నుంచి గడ్డం వరకు మూడు వంతులు చేస్తే, పెదవులు కలిసే గీత మొదటి వంతు దగ్గర ఉంటుంది.

ఇంకొక తమాషా ఉంది. అరచేతి మొదలును గడ్డం మీద ఆనించి చేయి ముఖం మీద పెట్టుకోండి. మధ్యవేలి కొన దాదాపు వెంట్రుకలు మొదలయ్యే చోటికి వస్తుంది. మనిషి చేయి ఆ మనిషి ముఖమంత ఉంటుంది. చేయిని చిన్నగా గీసేవాళ్లు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

చిన్నపిల్లలకు ఈ లెక్క కుదరదు. పసిబిడ్డ నుదురు పెద్దది, గడ్డం చిన్నది. కళ్లు సగానికి కిందనే ఉంటాయి. బిడ్డ ముఖంలో కళ్లను సగం దగ్గర గీస్తే బిడ్డ కాదు, మరుగుజ్జు మనిషి కనిపిస్తాడు.

చుక్కల ముగ్గు

“ఇదంతా గుర్తెట్ల ఉంటది కాకా?” అని ఒక ముసలావిడ అడిగింది.

“పొద్దున వాకిట్ల ముగ్గు ఎట్ల ఏస్తవ్?”

“చుక్కలు పెట్టి.”

“ఇది కూడ చుక్కల ముగ్గే.”

కాక కాగితం మీద కోడిగుడ్డు గీశాడు. లావు వైపు పైకి, సన్నని వైపు కిందికి. నడుమ నిలువుగా ఒక గీత. సగం దగ్గర అడ్డంగా ఒక గీత. అది కళ్ల గీత. ఆ గీత మీద అయిదు సమాన భాగాలకు చుక్కలు పెట్టాడు. రెండో భాగంలో ఒక కన్ను, నాలుగో భాగంలో ఒక కన్ను వస్తాయి. తర్వాత కనుబొమల గీత, ముక్కు గీత, పెదవుల గీత. అన్నీ లేతగా, ఊదితే పోయేంత లేతగా గీశాడు. చివరికి చెరిపేసేవే కదా.

ముగ్గులు వేసే చేతులకు ఇది కొత్త కాదు. పదిహేను చుక్కల ముగ్గును గీత వంకర లేకుండా వేసే ఆడవాళ్లు “నాకు బొమ్మలు రావు” అంటారు. వాళ్లకు కొలత తెలుసు, చేతి అదుపు తెలుసు. ముగ్గును మాత్రం ఎవరూ బొమ్మల లెక్కలో వేయరు.

అయితే చుక్కలు పెట్టగానే ముఖం రాదు. అందరికీ పనికివచ్చే లెక్క ఎవరి ముఖమూ కాదు. ఒకరికి నుదురు పొడుగు. ఒకరికి కళ్ల మధ్య ఎడం ఎక్కువ. ఒకరి నోరు ఒక పక్కకు జరిగి ఉంటుంది. లెక్కకు, ఎదురుగా ఉన్న మనిషికి ఎక్కడ తేడా ఉందో అక్కడే ఆ మనిషి ఉంటుంది. కాబట్టి లెక్క నేర్చుకునేది ఆ తేడా పట్టుకోవడానికే.

పెన్సిలు, కాగితం

పెన్సిలు లోపలి నల్లని పుల్లను కొందరు సీసం అనుకుంటారు. అది సీసం కాదు. అది గ్రాఫైటు అనే నల్లని ఖనిజం, బంకమట్టి కలిపి చేసిన పుల్ల. 1795లో ఫ్రాన్సు దేశంలో కాంతే అనే ఆయన ఈ పద్ధతి కనిపెట్టాడు. గ్రాఫైటు పొడిని మట్టితో పిసికి, పుల్లలు చేసి, కుండల మాదిరిగా బట్టీలో కాల్చాడు. మట్టి ఎక్కువైతే పుల్ల గట్టిపడుతుంది, గీత లేతగా వస్తుంది. మట్టి తక్కువైతే పుల్ల మెత్తగా ఉంటుంది, గీత నల్లగా వస్తుంది.

అందుకే పెన్సిలు మీద అక్షరాలు ఉంటాయి. బడి పిల్లల పెన్సిలు హెచ్‌బి. మొదటి గీతలకు అది చాలు. ‘2బి’, ‘4బి’ అంటే ఇంకా మెత్తవి, ఇంకా నల్లవి. జుట్టుకు, కంటిపాపకు, నీడలకు అవి బాగుంటాయి. రెండు పెన్సిళ్లు ఉంటే ముఖం గీయవచ్చు. పెట్టెలు పెట్టెలు కొననక్కర లేదు.

కాగితానికి రెండు వైపులు ఉంటాయి. మిల్లులో గుజ్జు తీగల వల మీద పడుతుంది కదా, వల తగిలిన వైపు కొంచెం గరుకుగా ఉంటుంది. ఈ సంగతి బడిలో చెప్పింది కాక కాదు, కూరగాయల అక్క. ఆమెకు చెప్పింది భర్త. గరుకు వైపు పెన్సిలు బాగా పట్టుకుంటుంది. కళ్లు మూసుకుని వేలి కొనతో రాసి చూస్తే ఏ వైపు గరుకో తెలుస్తుంది. నున్నగా మెరిసే కాగితం ముఖం గీయడానికి పనికిరాదు.

రాసేటప్పుడు పెన్సిలును కొన దగ్గర పట్టుకుంటాం. గీసేటప్పుడు కొంచెం వెనక్కి పట్టుకోవాలి. అప్పుడు చేయి మొత్తం కదులుతుంది. రబ్బరు పక్కన ఉండాలి, చేతిలో ఉండకూడదు. కొందరు పెన్సిలుతో కంటే రబ్బరుతోనే ఎక్కువ పని చేస్తారు. తప్పు గీత పక్కనే సరైన గీత గీస్తే తేడా కనిపిస్తుంది. తర్వాత చెరపవచ్చు.

నలుపును నలుపుగానే

ముక్కుకు పక్కన గీత ఉంటుందా? ఎదుటి మనిషిని చూడండి. గీత లేదు. ఒక పక్క వెలుగు ఉంది, ఒక పక్క నీడ ఉంది. ఆ రెండూ కలిసే చోటును మనం ముక్కు అంటున్నాం. కాబట్టి ముక్కును గీతతో కాదు, నీడతో చూపాలి.

దానికి వెలుగు ఒకే వైపు నుంచి పడాలి. పగలైతే కిటికీ పక్కన కూర్చోబెట్టాలి. రాత్రి అయితే ఒక పక్కనే దీపం పెట్టాలి. కళ్లు సగం మూసి చూడాలి. అప్పుడు వెంట్రుకలు, ముడతలు అన్నీ కలిసిపోయి వెలుగు, నీడ మాత్రమే మిగులుతాయి. కంటిగుంట, ముక్కు కింద, కింది పెదవి కింద, గడ్డం కింద నీడ ఉంటుంది. అక్కడ పక్కపక్కనే సన్నగా గీతలు గీయాలి. ఇంకా నల్లగా కావాలంటే వాటి మీద అడ్డంగా మళ్లీ గీతలు గీయాలి. వేలితో రుద్దితే తొందరగా అవుతుంది కానీ ముఖానికి మసి పూసినట్టు ఉంటుంది.

ఇక్కడే బడిలో ఒక గొడవ వచ్చింది. మంచి మనుషుల గొడవే. టైలరు చెల్లె తన మేనత్తను గీసింది. కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి. కానీ ముఖం తెల్లగా వదిలేసింది. మేనత్త నల్లని మనిషి.

“నీడ ఎందుకు ఎయ్యలేదు?” అన్నాడు కాక.

“నల్లగ గీస్తే అత్త బాధపడదా? బొమ్మల నన్న తెల్లగుండనియ్యి.”

అందరూ ఆమె వైపే మాట్లాడారు. క్యాలెండర్ల మీద దేవతలు తెల్లగా, సినిమా పోస్టర్ల మీద తారలు తెల్లగా ఉంటారు. అందం అంటే తెలుపని కన్ను అలవాటు పడింది. పొలంలో ఎండకు మాడి, పొయ్యి ముందు ఉడికిన ముఖాన్ని కాగితం మీదనైనా తెల్లబరచాలని ఎవరికి ఉండదు?

మరునాడు కాక ఒక పాత పత్రికలో అచ్చయిన బొమ్మలు తెచ్చాడు. అవి తోట వైకుంఠం గారి బొమ్మలు. ఆయన 1942లో, పాత కరీంనగర్ జిల్లాలోని బూరుగుపల్లిలో పుట్టారు. హైదరాబాదులో, తర్వాత బరోడాలో బొమ్మలు వేయడం చదువుకున్నారు. బొగ్గుతో గీశారు, రంగులతో వేశారు. బి. నర్సింగరావు గారు తీసిన ‘దాసి’ సినిమాకు కళా దర్శకుడిగా జాతీయ అవార్డు అందుకున్నారు. ఆయన పేరు దేశమంతా తెలిసింది మాత్రం తెలంగాణ పల్లె ఆడవాళ్ల బొమ్మలతో. నల్లని ఒళ్లు, రూపాయి బిళ్లంత కుంకుమబొట్టు, నున్నగా దువ్వి ముడేసిన జుట్టు, అంచు చీర. ఆ బొమ్మలలో ఎవరినీ ఆయన తెల్లగా మార్చలేదు. పెద్ద పెద్ద పట్టణాలలో జనం డబ్బు పెట్టి కొనుక్కుని గోడలకు పెట్టుకుంటున్నది ఆ నల్లని ముఖాలనే.

ఆడవాళ్లు ఆ బొమ్మలను చాలాసేపు చూశారు. “ఈమె మా పెద్దమ్మ తీరుగున్నది” అంది ఒకామె. “మా ఊరి సంతల ఉల్లిగడ్డలమ్మే ఆమె” అంది ఇంకొకామె.

టైలరు చెల్లె ఏమీ అనలేదు. మెత్తని పెన్సిలు తీసుకుని మేనత్త చెంప మీద గీతలు వేయడం మొదలుపెట్టింది. నీడ పడ్డకొద్దీ ముక్కు లేచింది, చెంప ఎముక లేచింది. ముక్కుపుడక దగ్గర చిన్న చుక్క తెల్లగా వదిలింది. నల్లని ముఖం మీదనే ఆ చుక్క మెరిసింది. తెల్ల కాగితం మీద తెల్ల ముఖంలో అది కనిపించనే లేదు.

గళ్లు కొట్టి గీయడం

ఎదురుగా మనిషి ఉంటే కొలవవచ్చు. చనిపోయిన అవ్వను ఎట్లా కొలవాలి? దీనికి సినిమా బోర్డులు గీసేవాళ్ల పద్ధతి ఉంది. గళ్లు కొట్టడం అంటారు. అగ్గిపెట్టె అంత ఫోటోను గోడంత చేసేది ఇట్లాగే.

ఫోటో మీద ఎప్పుడూ గీయకూడదు. దాన్ని జిరాక్స్ తీయించాలి. అక్క రేషన్ కార్డును జిరాక్స్ దుకాణానికి తీసుకుపోయి, అవ్వ తల అగ్గిపెట్టె అంత అయ్యేవరకు పెద్దది చేయించింది. ఆ జిరాక్స్ మీద స్కేలుతో ఒక్కో సెంటీమీటరుకు ఒక గీత గీసింది. నిలువున అయిదు గళ్లు, అడ్డంగా నాలుగు గళ్లు. మొత్తం ఇరవై. తెల్ల కాగితం మీద కూడా ఇరవై గళ్లే గీసింది, కానీ ఒక్కో గడి నాలుగు సెంటీమీటర్లు. గళ్లకు అంకెలు వేసింది. ఇప్పుడు ఏడో గడిలో ఏముందో ఏడో గడిలో గీయాలి. కన్ను అనుకోవద్దు, ముక్కు అనుకోవద్దు. గీత గడి అంచును ఎక్కడ తాకింది, ఎటు వంగింది, అంతే చూడాలి. కొందరు కాగితాన్ని తలకిందులు చేసి గీస్తారు. అప్పుడు మనసు ‘ఇది కన్ను’ అని అడ్డం రాదు.

మొదటిసారి గీసిన ముఖం ఎవరిదో తెలియలేదు. రెండోసారి కొలత కుదిరింది. కానీ ఫోటోలో వెలుగు సూటిగా పడడం వల్ల అవ్వ ముక్కు పలచగా, చదునుగా ఉంది. మరక పడ్డ పక్క కన్ను లేనే లేదు. గళ్లు ఉన్నదాన్ని మాత్రమే ఇస్తాయి. లేనిదాన్ని ఇవ్వవు.

లేనిదాన్ని ఎక్కడ వెతకాలి? అక్క అద్దం ముందు కూర్చుంది. “నీ గదుమ అచ్చం మీ అవ్వ గదుమ” అని చిన్నప్పటి నుంచి అందరూ అనేవారు. అద్దంలో చూసి గదుమ గీసింది. తర్వాత ఒక ఆదివారం తట్ట దించి, కౌటాల బస్సెక్కి చిన్నవ్వ దగ్గరికి పోయింది. చిన్నవ్వ అంటే అవ్వ చెల్లె. ఆమెకు డెబ్బై ఏళ్లు దాటాయి. వాకిట్లో కూర్చోబెట్టి ముక్కు చూసింది, చెవులు చూసింది. ఏళ్ల తరబడి బరువు గంటీలు పెట్టుకోవడం వల్ల చెవి తమ్మెలు సాగి ఉన్నాయి. అవ్వ గంటీలు అమ్ముకుంది కానీ, సాగిన తమ్మెలు అట్లాగే ఉండేవి. అక్కకు అది అప్పుడు గుర్తుకు వచ్చింది.

ఇంకొకటి గుర్తుకు వచ్చింది. చిన్నవ్వ గదుమ మీద మూడు పచ్చబొట్టు చుక్కలు ఉన్నాయి. అక్కాచెల్లెళ్లు ఇద్దరికీ ఒకే రోజు జాతరలో పొడిపించారు. ఫోటోలో అవి కనిపించవు. తాను రోజూ చూసిన చుక్కలను తానే మరిచిపోయింది. అక్క పెన్సిలు కొనను బ్లేడుతో సన్నగా చెక్కి, కాగితం మీద మూడు చుక్కలు పెట్టింది. ముగ్గు చుక్కలు పెట్టినట్టే, ఒత్తకుండా.

బొమ్మను చిన్నవ్వ చేతికి ఇచ్చింది. చిన్నవ్వ దాన్ని దూరంగా పట్టుకుని చూసింది. దగ్గరగా పట్టుకుని చూసింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“అక్కే” అంది. మళ్లీ చూసింది. “కని గీ ఎడమ కన్ను గిట్ల లేకుండె. జర చిన్నగుండె. చిన్నప్పుడు వరిగడ్డి గుచ్చుకున్నది.”

అక్క రబ్బరు తీసింది.

చేసి చూడండి

మీ ఇంట్లో వయసు మళ్లిన వాళ్లు ఎవరైనా ఉంటే అడిగి, ఇష్టపడితేనే, కిటికీ పక్కన కూర్చోబెట్టండి. రెండు పలకలు, ఒక చీపురుపుల్ల తీసుకుని కళ్లు ఎక్కడున్నాయో కొలవండి. కోడిగుడ్డు గీసి చుక్కలు పెట్టండి. లెక్కకు, ఆ ముఖానికి ఎక్కడెక్కడ తేడా వచ్చిందో మూడు వాక్యాలు రాయండి.

ముఖం మీద పచ్చబొట్టు, మచ్చ, గాటు ఉంటే అది ఎట్లా వచ్చిందో వాళ్లనే అడగండి. వాళ్లు చెప్పింది కాగితం వెనక రాయండి.

బొమ్మ కింద వాళ్ల పేరు, ఊరు, తేదీ వేయండి. గీసినవారు అని రాసి మీ సంతకం పెట్టండి.